1996 మారుతి 800: తరిగిపోతున్న కూలెంట్ వెంట ఎనిమిది వారాలు

ఫిబ్రవరి 11, 2024

నాన్నగారు కొన్న 1996 మోడల్ మారుతి 800 ఇప్పటికీ విజయవాడలో మా పటమట ఇంటి ముందు నిలబడి ఉంది. 796 సీసీ ఇంజిను, మూడు సిలిండర్లు, కార్బురేటరు, నాలుగు గేర్లు. తర్వాతి కాలంలో వచ్చిన ఇంజెక్షన్ బళ్ళలోని ఎలక్ట్రానిక్ వ్యవహారమేదీ దీనిలో లేదు కనుక, చేత్తో తడిమి కంటితో చూసి అర్థం చేసుకోగలిగిన బండి ఇది. పదిహేనేళ్ళు నిండినప్పటి నుంచి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాం, మళ్ళీ 2026లో ఫిట్‌నెస్‌కు తీసుకుపోవాలి. అయితే అంతకన్నా ముందున్న గడువు ఉగాది. ఆ రోజు అమ్మను గుంటూరులో పిన్నిగారింటికి ఈ బండిలోనే తీసుకువెళతానని మాట ఇచ్చాను.

ఈ ఉదయం బానెట్ ఎత్తి చూస్తే, నెల కిందట నింపిన కూలెంట్ డబ్బా అడుగంటి ఉంది. కూలెంట్ అంటే ఇంజిను వేడిని మోసుకుపోయే, గ్లైకాల్ కలిసిన నీరు. నేల మీద చెప్పుకోదగ్గ మరక లేదు. వీధి చివరి మేస్త్రిగారు బండిని చూడకుండానే "వాటర్ పంపు పోయుంటుందండీ, టైమింగ్ బెల్టు కూడా విప్పాల్సిందే" అన్నారు. పంపు పోతే బెల్టు విప్పక తప్పదన్న మాట నిజమే కానీ, పంపు పోయిందన్న మాటకు ఇంకా ఆధారం లేదు. పంపు లోపలి సీలు అరిగితే, దాని ఒంటికి అడుగున ఉండే చిన్న రంధ్రంలోంచి నీరు బయటికి వస్తుంది; సీలు చెడిన సంగతి బేరింగు పాడుకాకముందే తెలియాలని ఆ రంధ్రం పెడతారు. టార్చిలైటు, అద్దం ముక్క పట్టుకుని చూశాను. రంధ్రం చుట్టూ పొడి దుమ్ము తప్ప తడి చార లేదు.

ఇంతకన్నా పెద్ద భయం హెడ్ గాస్కెట్, అంటే సిలిండర్లకూ వాటి పై మూతకూ మధ్య బిగించే పలచని పొర. అది పోతే కూలెంట్ సిలిండరులోకి పోయి కాలిపోతుంది, లేదా ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే అడుగున మజ్జిగ లాంటి తెల్లని నురగ లేదు. డిప్ స్టిక్ మీద ఆయిల్ నల్లగా, శుభ్రంగానే ఉంది. ఇంజిను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు చూశాను, బుడగలు రాలేదు. పొగగొట్టం నుంచి తెల్లని పొగ లేదు. గాస్కెట్ బాగుందని కొంత ధైర్యం వచ్చింది.

కాబట్టి కొలవడంతో మొదలుపెట్టాను. డబ్బాకు కాగితపు టేపు నిలువుగా అంటించి, మందుసీసాతో వచ్చిన కొలత గిన్నెతో నీళ్ళు పోస్తూ యాభై మిల్లీలీటర్లకు ఒకటి చొప్పున గీతలు గీశాను. రోజూ ఉదయం ఆరు గంటలకు, ఇంజిను చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చూడాలని నియమం పెట్టుకున్నాను. వేడి ఇంజినులో మట్టం పెరిగి కనిపిస్తుంది, దాన్ని నమ్మితే లెక్క తప్పుతుంది.

ఫిబ్రవరి 18

వారం రోజుల్లో బండి 140 కి.మీ. తిరిగింది, డబ్బాలో 350 మి.లీ. తగ్గింది. అంటే రోజుకు ఒక టీ గ్లాసులో సగం. ఇంత పోతున్నా నేల మీద ఏమీ కనిపించకపోవడానికి కారణం, కారే నీరు వేడి లోహం మీద పడి అక్కడే ఆవిరైపోవడం. ఆవిరి పోయినా నీళ్ళలోని ఉప్పు మాత్రం అక్కడే మిగులుతుంది. మనం వెతకాల్సింది తడిని కాదు, ఉప్పును.

రాత్రి ఇంజిను కింద తెల్లని అట్ట పరిచాను. పొద్దున దాని మీద ఒకే ఒక్క చుక్క మరక కనిపించింది, అదీ ముందు బంపరుకు చాలా వెనుక, ఇనుప దూలం కింద. దానికి సరిగ్గా పైన లీకయ్యేదేమీ లేదు. బండి నడుస్తుంటే ముందు నుంచి వచ్చే గాలి చుక్కను వెనక్కు తోస్తుంది, ఆగాక ఆ చుక్క దూలం వాలు పట్టి జారి, ఎక్కడ అంచు తగిలితే అక్కడ రాలుతుంది. అందుకే ఆ మరక నుంచి పైకి, ముందుకు, దూలం వెంట వేలితో తడుముకుంటూ పోయాను. రేడియేటర్ అడుగు గొట్టానికి లావు రబ్బరు హోస్ బిగించిన చోట, క్లిప్పు కింద, ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్లని పొక్కు కట్టి ఉంది. గోటితో గీకితే సున్నంలా రాలింది.

అంత సున్నం ఎక్కడిదని అనుమానం అక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఈ రేడియేటరులో మా బోరు నీళ్ళే పోశాం. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున నెలకే తెల్లని పొర కడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. గిన్నెను చింతపండుతో తోముకుంటాం, ఇంజిను లోపలికి చేయి పోదు.

ఫిబ్రవరి 20

సాయంత్రం ఆటోనగర్‌కు వెళ్ళాను. జవహర్ ఆటోనగర్ పక్కనే ఉండటం పటమటలో ఉన్నవాళ్ళ అదృష్టం. లారీ బాడీలు కట్టే షెడ్ల చప్పుడు దాటుకుని లోపలి వీధిలోకి పోతే, రేడియేటర్లు మాత్రమే బాగుచేసే దుకాణాలు కనిపిస్తాయి. అక్కడి మేస్త్రిగారు పెద్దాయన, మాట తక్కువ. హోస్ కోసం వెళితే, "మూత తెచ్చారా?" అన్నారు. జేబులోంచి తీసి ఇచ్చాను. గేజి ఉన్న చేతిపంపుకు ఆ మూతను తగిలించి కొట్టారు. చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి వరకు ఆగవలసిన మూత 0.4 దగ్గరే వదిలేసింది.

ఈ మూత చేసే పని కుక్కర్ వెయిట్ చేసే పనే. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు, 0.9 ఒత్తిడిలో 119 డిగ్రీల దాకా మరగదు. దానికి గ్లైకాల్ కలిస్తే మరిగే వేడి ఇంకా పైకి పోతుంది. ఒత్తిడి హద్దు దాటితే మూతలోని స్ప్రింగు లేచి, ఎక్కువైన నీటిని డబ్బాలోకి పంపుతుంది. ఇంజిను చల్లారాక లోపల ఏర్పడే లాగుడుకు మూత మధ్యలోని చిన్న వాల్వు తెరుచుకుని అదే నీటిని వెనక్కు తెచ్చుకుంటుంది. స్ప్రింగు సడలిన మూత ముందుగానే, అవసరమైనదానికంటే ఎక్కువ నీటిని బయటికి తోసేస్తుంది. డబ్బా నిండి పొర్లితే ఆ పొర్లినది ఇక తిరిగి రాదు.

కొత్త మూత, కింది హోస్, రెండు మంచి స్క్రూ క్లిప్పులు కొన్నాను. ఇంటికి వచ్చాక పాత హోస్‌ను వంచి చూస్తే లోపలి గోడ మీద సన్నని పగుళ్ళు కనిపించాయి.

ఫిబ్రవరి 25

హోస్ మార్చడానికి గంట పట్టింది, దానిలో ముప్పాతిక సమయం రేడియేటర్ గొట్టం మీద గట్టిపడ్డ సున్నాన్ని రాచడానికే. ఇది రాగి, ఇత్తడి పాత రేడియేటర్ కనుక గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి నెమ్మదిగా రాచాను. ప్లాస్టిక్ ట్యాంకున్న కొత్త రేడియేటర్ల మీద ఇంత మొరటుగా పోకూడదు. క్లిప్పును గొట్టపు చివరి గట్టుకు ఇవతల ఉండేలా బిగించాలి, గట్టు మీద బిగిస్తే రబ్బరు జారుతుంది.

ఫిబ్రవరి 28

మూడు రోజులుగా గీత కదలలేదు. ఈ డైరీ ఇక్కడితో ముగిసిందనుకున్నాను.

మార్చి 3

గుంటూరు దాకా వెళ్ళి రావాలని బయలుదేరాను. కనకదుర్గ వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి మీదుగా, కాజ టోల్‌గేటు దాటి, నంబూరు, పెదకాకాని. పోవడానికి సుమారు 35 కి.మీ. పోయేటప్పుడు గంటకు 70 దాటకుండా నడిపాను, ఇంజిను వేడిని చూపే ముల్లు మధ్యకు కూడా రాలేదు. ఈ బండి ముల్లు ఎప్పుడూ కిందనే ఉంటుంది. "మన బండి చల్లని బండి" అని నాన్నగారు గర్వంగా చెప్పేవారు. ఆ మాటలోని అసలు సంగతి నెలాఖరుకు గానీ తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు వారధి మీద వాహనాలు ఆగిపోయాయి. మధ్యాహ్నపు ఎండలో ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడితే ముల్లు మొదటిసారి మధ్య దాటింది. ఫ్యాను తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. బెంజ్ సర్కిల్ దగ్గర ముందు అద్దం మీద లోపలి వైపు సన్నని మసక పట్టింది. గుడ్డతో తుడిస్తే చెదిరి జిడ్డులా పరుచుకుంది. డాష్‌బోర్డుకు పూసిన పాలిష్ ఎండకు ఆవిరై అలా పట్టిందని అనుకుని వదిలేశాను. ఆ పొరపాటును ఇక్కడ రాసి ఉంచడం న్యాయం.

మార్చి 5

రెండు రోజుల్లో 200 మి.లీ. పోయింది. బాగుచేయకముందు వారానికి 350 పోయేది, బాగుచేశాక రెండు రోజులకే 200! హోస్ పొడిగా ఉంది, అట్ట మీద చుక్క లేదు, పంపు రంధ్రం పొడిగా ఉంది.

మార్చి 7

అమ్మను గుడికి తీసుకువెళ్ళి వచ్చాను. ఆమె దిగుతూ, "చెప్పులు తడిశాయిరా, నీళ్ళ సీసా ఏమైనా ఒలికిందా?" అని అడిగింది. ఎడమ వైపు సీటు ముందు కార్పెట్ ఎత్తి చూస్తే కింద తడి. పక్కింటి ఆయన వచ్చి చూసి, ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం పూడుకుపోయి ఉంటుందని చెప్పారు. బెజవాడలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, పదింట తొమ్మిదిసార్లు అదే నిజమవుతుంది కూడా.

ఆ తడిని తెల్ల కాగితానికి అద్దాను. లేత ఆకుపచ్చ. రెండు వేళ్ళ మధ్య రాస్తే సబ్బునీటిలా జారింది, వాసన పలచని పాకంలా తియ్యగా ఉంది. ఏసీ నీటికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, జారుడూ ఉండదు. రుచి మాత్రం చూడకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. మా వీధి కుక్క ఈ బండి కిందే పడుకుంటుంది కనుక ఆ రోజు నుంచి తీసిన కూలెంటునంతా మూత ఉన్న డబ్బాలోనే పట్టి ఉంచుతున్నాను.

అయినా పక్కింటి ఆయన మాటను కొట్టిపారేయకుండా పరీక్షించడం మర్యాద. కార్పెట్ పూర్తిగా ఆరబెట్టి, మరునాడు శివరాత్రి సెలవు కావడంతో మిట్టమధ్యాహ్నం ఏసీ వేయకుండా, అద్దాలు దించుకుని, ఏలూరు రోడ్డు మీద నిడమానూరు దాకా నలభై నిమిషాలు నడిపాను. చొక్కా తడిసి ముద్దయింది. కార్పెట్ కూడా తడిసింది. ఏసీ నిర్దోషి.

మార్చి 10

ఆటోనగర్ మేస్త్రిగారిని అడిగి ఒత్తిడి పంపును ఒక పూటకు తెచ్చుకున్నాను. నిజానికి ఈ పని మొదటి రోజే చేసి ఉండవలసింది. చల్లని ఇంజిను, నిండు రేడియేటర్, మూత స్థానంలో పంపు, 0.9 వరకు కొట్టి ఆపాను. మూత మీద రాసిన అంకెను మించి కొట్టకూడదు, కొడితే లేని లీకులు పుట్టుకొస్తాయి. పదిహేను నిమిషాల్లో ముల్లు 0.9 నుంచి 0.6కు దిగింది. ఇంజిను చుట్టూ ఎక్కడా చుక్క లేదు. కార్పెట్ తీసేసి, ఎడమ వైపు నేల మీద తలపెట్టి పైకి టార్చి వేస్తే, హీటర్ పెట్టె అడుగు మూలలో ఒక చుక్క ఉబ్బుతూ, వేలాడుతూ, రాలుతూ కనిపించింది. నాలుగు వారాలు వెతికిన మనిషికి ఆ చుక్కను చూస్తే కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

బెజవాడ బండికి హీటరెందుకని చదివేవారు నవ్వవచ్చు. ఏసీతో వచ్చిన బండి కనుక హీటర్ కూడా వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళలో దాని లీవరును మేము ఒక్కసారి కూడా వేడి వైపుకు తిప్పలేదు. ఇంజినులో వేడెక్కిన నీటిలో కొంత, ఇంజిను గదికీ లోపలికీ మధ్య ఉన్న రేకు గోడ గుండా రెండు సన్న హోసులలో వచ్చి, డాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటరులో తిరిగి, మళ్ళీ పంపు వైపుకు పోతుంది. మనం వాడినా వాడకపోయినా ఆ చిన్న రేడియేటర్ నిండా నీళ్ళు ఉంటాయి, మిగతా వ్యవస్థలో ఉన్న ఒత్తిడే దాని మీదా ఉంటుంది. నీరు సరిగా తిరగక నిలిచిపోతే తుప్పు బురదంతా అక్కడ దిగుతుంది, అడుగు నుంచి లోహాన్ని తింటుంది. అద్దం మీది జిడ్డు మసక కూడా ఇప్పుడు అర్థమైంది. హీటర్ పెట్టెలో కారిన గ్లైకాల్ ఆవిరై గాలితో పాటు అద్దానికి తగిలింది.

మిగిలిన ప్రశ్న ఒకటే: ఇన్నాళ్ళూ కారనిది ఇప్పుడే ఎందుకు కారింది? నా సమాధానం, మూత. 0.4 దగ్గరే వదిలేసే పాత మూత ఉన్నంతకాలం హీటరులోని బలహీనమైన చోటు మీద సగం ఒత్తిడే పడింది. కొత్త మూత 0.9 వరకు పట్టి నిలబెట్టింది, వారధి మీద ఆగిన ఇరవై నిమిషాల్లో ఆ చోటు తెగింది. చెడిపోయిన మూత ఇన్నేళ్ళూ చెడిపోయిన హీటరును కాపాడుతూ వచ్చింది.

మార్చి 17

ముందు రుజువు కావాలి. ఇంజిను గదిలో, రేకు గోడ దగ్గర రెండు హీటర్ హోసులనూ విప్పి, వాటి లోపలి కొలతకు సరిపోయే ఇత్తడి గొట్టం ముక్కతో ఆ రెండింటినీ ఒకదానికొకటి కలిపాను. హీటర్ ఇప్పుడు వ్యవస్థలో లేదు, నీటి ప్రవాహం మాత్రం ఆగలేదు. మళ్ళీ పంపు పెట్టి 0.9 వరకు కొట్టాను. అరగంట తర్వాత కూడా ముల్లు 0.9 మీదే ఉంది. బండి మొత్తంలో ఇక వేరే లీకు లేదు.

"అలాగే వదిలేయండి సార్, బెజవాడలో హీటరెందుకు?" అన్నారు వీధి మేస్త్రిగారు. మాట సబబే. చాలామంది అలాగే వదిలేస్తారు, బండి జీవితాంతం బాగానే నడుస్తుంది. అయితే ఎండలో ఇంజిను మరీ వేడెక్కినప్పుడు, ఏసీ ఆపి, హీటరును పూర్తిగా తెరిచి, దాని ఫ్యాను వేస్తే, అది రెండో రేడియేటరులా పనిచేసి కొంత వేడిని లాగేస్తుంది. లోపల కూర్చున్నవాళ్ళు ఉడికిపోతారు కానీ ఇంజిను బతుకుతుంది. ఆ ఒక్క సదుపాయం కోసం, కొంత నా మొండితనం కోసం, హీటరును బాగుచేయాలనే నిర్ణయించుకున్నాను.

మార్చి 23

హీటర్ పెట్టె బయటికి తీయడానికి శనివారం మొత్తం పట్టింది. బ్యాటరీ మైనస్ తీగ విప్పి, డాష్‌బోర్డు స్క్రూలు తీసి, ప్రతి స్క్రూను అది ఎక్కడిదో రాసిన కవరులో వేశాను. ఎండలకు పెళుసుబారిన ప్లాస్టిక్ లాకులు మూడు విరిగాయి. లోపల 1990ల నాటి కాగితాలు, ఒక పావలా బిళ్ళ, ఎలుక కూర్చుకున్న దూది దొరికాయి.

హీటర్ రేడియేటరును బకెట్ మీద వంచితే లోపలి నుంచి చిక్కని గోధుమరంగు బురద కారింది. తుప్పు అయితే ఇసుకలా ఉండాలి. ఇది ముద్దలా, నలిపితే నారలా ఉంది. అమ్మ అటుగా వచ్చి చూసి, "మీ నాన్న పోసిన పసుపేమో" అంది. 2003లో తిరుపతి పోతుంటే చిలకలూరిపేట దాటాక రేడియేటర్ కారిందట. పక్కన ఆగిన ఒక లారీ డ్రైవరు పసుపు పోస్తే ఆగిపోతుందని చెబితే, అమ్మ మొక్కు కోసం తీసుకువెళుతున్న దుగ్గిరాల పసుపులో సగం నాన్నగారు రేడియేటరులో పోశారట. నిజంగానే కారడం ఆగింది, తిరుపతి వెళ్ళి వచ్చారు.

లారీలవాళ్ళ ఈ చిట్కాలో పనితనం లేకపోలేదు. పొడి నీటిలో నాని ఉబ్బి, లీకు వైపుకు పోయే ప్రవాహంతో పాటు పోయి అక్కడ పేరుకుంటుంది. అయితే దానికి లీకు రంధ్రం ఏదో, రేడియేటరులోని సన్న గొట్టం ఏదో తేడా తెలియదు. రెంటినీ పూడుస్తుంది. నడిరోడ్డు మీద ఇల్లు చేరడానికి వాడుకోవచ్చు, ఆ వారంలోనే మొత్తం కడిగేయాలి. మా ఇంట్లో ఆ కడిగేయడం ఇరవై ఒక్క ఏళ్ళు ఆలస్యమైంది. ఆ బురద పసుపే అని నేను నిరూపించలేను. ఆటోనగర్ మేస్త్రిగారు మాత్రం వేళ్ళతో నలిపి చూసి, పాత లారీ రేడియేటర్లలో రోజూ చూసేదేనని తేల్చేశారు.

మార్చి 26

ఆయన హీటర్ రేడియేటరు గొట్టాలు రెంటిలో ఒకదాన్ని మూసి, రెండో దాని నుంచి గాలి పెట్టి, నీళ్ళ తొట్టిలో ముంచారు. అడుగు ట్యాంకు అతుకు దగ్గర రెండు చోట్ల బుడగలు వరసకట్టి లేచాయి. లోపలిదంతా నీటితో ముందుకూ వెనక్కూ కొట్టి కడిగారు. ఆ తర్వాత అతుకును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రాచి, ఆసిడ్ పూసి, మంట చూపిస్తూ రెండు చోట్లా మాట్లు వేశారు. తగరం కరిగి అతుకులోకి దానంతట అదే పాకే క్షణం చూడాలి. మురికి మిగిలి ఉంటే అది పాకదు, ముత్యంలా గుండ్రంగా పైనే నిలిచిపోతుంది. మళ్ళీ తొట్టిలో ముంచితే బుడగ లేదు. ఆయన తీసుకున్న కూలి మూడు వందల యాభై.

మార్చి 31

హీటర్ ఇంకా బల్ల మీదే ఉంది. దాన్ని బిగించే ముందు ఇంజిను లోపలి బురదను కడగకపోతే మళ్ళీ అక్కడికే చేరుతుంది. కడగడానికి నీరు స్వేచ్ఛగా పారాలి కనుక థర్మోస్టాట్‌ను, అంటే ఇంజిను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని వాల్వును, తీయాలి. దాని మూతకున్న రెండు బోల్టుల్లో ఒకటి సాఫీగా వచ్చింది. రెండోది స్పానర్ వేసి కాస్త తిప్పగానే మెత్తగా కదిలింది. తుప్పు పట్టిన బోల్టు మెత్తగా కదలడం మంచి శకునం కాదు. తల తెగి చేతిలోకి వచ్చింది. మూత పైకి లేపాక మిగిలిన మొండికి తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా ఉంచి, చుట్టూ ఉన్న అల్యూమినియానికి కొద్దిగా వేడి చూపించి, బిగింపు పట్టుకారుతో అటూ ఇటూ కదుపుతూ తీయడానికి సోమవారం సాయంత్రం దాకా పట్టింది.

మూత కింద థర్మోస్టాట్ లేదు. ఎప్పుడో ఎవరో తీసి పారేశారు. "వేసవిలో ఇంజిను చల్లగా ఉంటుంది" అని మన దగ్గర చాలా షెడ్లలో చేసే పనే ఇది. చల్లని బండి రహస్యం ఇదన్నమాట. థర్మోస్టాట్ లేని ఇంజిను రోడ్డెక్కితే తగినంత వేడెక్కదు. పెట్రోలు సరిగా ఆవిరి కాక ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి, ఆయిల్లో తేమ చేరుతుంది. పైగా ఇరుక్కున్న రోడ్డులో ఇంజిను వేడెక్కకుండా అదేమీ ఆపలేదు, వారధి మీద చూశాను కదా. 82 అంకె కొట్టి ఉన్న కొత్తది తెచ్చి, గిన్నెలో నీళ్ళు పెట్టి, థర్మామీటరు పక్కన దారంతో వేలాడదీసి కాచాను. 82 దాటగానే మెల్లగా నోరు తెరిచింది, 90 దాటేసరికి బాగా తెరుచుకుంది. చల్లారాక మూసుకుంది.

ఏప్రిల్ 6

కడగడానికి ఆసిడ్ పొడులేవీ వాడలేదు. పాత లోహంలో సున్నం పొర కొన్నిచోట్ల చిల్లులను మూసి ఉంచుతుంది, ఆసిడ్ దాన్ని కరిగిస్తే కొత్త కథ మొదలవుతుంది. రేడియేటరును కింది నుంచి పైకి, ఇంజినును పై నుంచి కిందికి, మామూలు కదలికకు ఎదురుగా, మున్సిపల్ నీళ్ళ గొట్టంతో నీరు తేటగా వచ్చేదాకా కడిగాను. చివరి రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో. ఆ తర్వాత హీటర్, కొత్త హీటర్ హోసులు, థర్మోస్టాట్, దానికి కొత్త గాస్కెట్, కొత్త బోల్టులు. విరిగిన మూడు ప్లాస్టిక్ లాకుల చోట చిన్న స్క్రూలు పెట్టాను, అందం తగ్గింది.

కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోశాను. మన ఊళ్ళో నీరు గడ్డకట్టే భయం లేదు కదా, ఉత్త నీళ్ళు చాలవా అంటారు. కూలెంటులో మనకు కావలసింది గడ్డకట్టకుండా ఆపే గుణం కాదు, తుప్పును ఆపే మందు, మరిగే వేడిని పెంచే గుణం. అలాగని నీరు కలపకుండా పోయడమూ తప్పే; వేడిని మోసుకుపోవడంలో గ్లైకాల్ కన్నా నీరే మెరుగు.

నింపేటప్పుడు ముందు చక్రాలను వాలు మీదికి ఎక్కించి రేడియేటర్ మెడ అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా చూశాను, హీటర్ లీవరును వేడి వైపుకు పెట్టాను. లేకపోతే హీటరులో గాలి బుడగ చిక్కుకుంటుంది. మూత లేకుండా ఇంజినును నడుపుతూ పై హోస్‌ను చేత్తో పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు చల్లగానే ఉండి, ఒక్కసారిగా పట్టుకోలేనంత వేడెక్కింది. థర్మోస్టాట్ తెరుచుకుంది. మెడలో మట్టం గుటుక్కున దిగింది, కొంచెం కొంచెంగా పోస్తూ, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఆగి మూత పెట్టాను. మొత్తం మూడున్నర లీటర్లకు కాస్త ఎక్కువ పట్టింది.

ఒత్తిడి పరీక్ష: 0.9 వద్ద అరగంట. ముల్లు కదలలేదు.

ఏప్రిల్ 9

ఉగాది పచ్చడి తిని, ఎనిమిది గంటలకు అమ్మతో గుంటూరు బయలుదేరాను. ముల్లు పావుగంటలో మధ్యకు వచ్చి, కాజ టోల్‌గేటు దగ్గర ఆగినా, పెదకాకాని దాటినా అక్కడే నిలబడింది. ఈ బండిలో ముల్లు అలా నిలబడటం నేను చూడటం ఇదే మొదటిసారి. సాయంత్రం తిరిగి వస్తూ, మంగళగిరి దాటాక, కార్పెట్ మీద చేయి పెట్టి చూడమని అమ్మను అడిగాను. పొడిగానే ఉందంది. అప్పుడు ఏసీ ఆపి, హీటర్ లీవరును వేడి వైపుకు పూర్తిగా తోసి, ఫ్యాను వేశాను. కొన్ని క్షణాలకు, ఇరవై ఎనిమిదేళ్ళ నాటి దుమ్ము వాసనతో కలిసి సెగ లాంటి గాలి మా ఇద్దరి మొహాలనూ తాకింది.

"ఈ ఎండలో ఇదేం పనిరా, ఆపు!" అంది అమ్మ.

ఆపాను. రేపు ఉదయం ఆరింటికి డబ్బా మీది గీత చూడాలి.